సెలైన్‌కు ముందు స్కానింగ్ ఎందుకు?

బి.పి. పడిపోయి అత్యవసర విభాగానికి వచ్చినవారి బంధువులు మమ్మల్ని మొదట అడిగేది, "డాక్టరు గారూ, ముందు సెలైన్ పెట్టండి!" అనే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినవారికి అది ప్రాణాధారమే. గుండె బలహీనపడి బి.పి. తగ్గినవారికైతే అదే సెలైన్ ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పెంచుతుంది. పైకి ఇద్దరూ ఒకేలా కనిపించవచ్చు.

అందుకే మేము రొమ్ము ఎముక కింద కాస్త జెల్ రాసి (చల్లగా ఉంటుంది, భయపడకండి) అల్ట్రాసౌండ్‌తో గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను చూస్తాం. అది సన్నగా ఉండి, ఊపిరి పీల్చగానే సగానికి పైగా ముడుచుకుంటే ద్రవం తగ్గి ఉండవచ్చు. 2 సెంటీమీటర్లు దాటి ఉబ్బి, ముడుచుకోకుండా ఉంటే సెలైన్ విషయంలో జాగ్రత్తపడతాం. ఈ ఒక్క కొలతనే నమ్మం. వెంటిలేటరు మీద ఉన్నవారిలో అది మోసం చేస్తుంది. గుండె పనితీరు, ఊపిరితిత్తులు, నాడి, మూత్రం కూడా చూస్తాం.

ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్ర జ్వరంతో వచ్చిన పిల్లలపై జరిగి 2011లో వెలువడిన అధ్యయనంలో, వేగంగా ద్రవాలు ఎక్కించిన పిల్లల్లోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి.

రోగి చివరిసారి మూత్రం ఎప్పుడు పోశారో, గుండె, కిడ్నీ జబ్బులకు ఏ మందులు వాడుతున్నారో మాకు వెంటనే చెప్పండి. పాత మందుల చీటీ తప్పక తెండి.