గొలుసు రంపము: శక్తి, అదురు, మరమ్మతు

మన సంఘసభ్యులలో అనేకులు సరుగుడు, జామాయిలు, సుబాబులు తోటలు వేసియున్నారు. కోతకాలమున గొడ్డలితోను, ఇద్దరు లాగెడు రంపముతోను పని సాగించుట నానాటికి కష్టమగుచున్నది. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువను తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలను కూలద్రోసిన సంగతి పాఠకులెరిగినదే. అట్టి ఆపదలలో దారికి అడ్డముగా పడిన మాను తొలగించుటకైనను గొలుసు రంపము, అనగా జనులు చైన్‌సా అని పిలుచునది, మిక్కిలి అక్కరకు వచ్చును.

అయితే ఏ రంపము కొనవలెను? అడుగువారందరును మొదట "ఎన్ని సి.సి.?" అని అడుగుదురు. మేమును ఒకప్పుడు అట్లే అడిగి, శక్తి ఒక్కటే చూచి ఒక యంత్రమును కొంటిమి. సరుగుడు కోత నడుమ అది నిలిచిపోయినది. దానిని సరిచూచు పరికరము మాకు దగ్గరలో ఎవరియొద్దను లేకపోయెను. యంత్రము పట్టణమునకు పోయి వచ్చులోపల కూలీలు వేరు పనికి పోయిరి, లారీ నిండలేదు, కోసిన కఱ్ఱ ఎండి తూకము తగ్గినది. తూకమునకు అమ్ముకొను రైతునకు ఇది యెంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ అనుభవమువలన నేర్చుకొన్న పాఠమునే ఇచ్చట వ్రాయుచున్నాము.

1. శక్తి

సి.సి. అనగా సిలిండరు లోపలి కొలత మాత్రమే. యంత్రము చేయు పనిని తెలుపునది కిలోవాట్ల లెక్క. స్టిల్ ఎం.ఎస్. 250 అను రంపము 45.4 సి.సి., 2.3 కిలోవాట్లు. అదే కంపెనీవారి ఎం.ఎస్. 261 సి-ఎం 50.2 సి.సి., 3 కిలోవాట్లు. సి.సి.లో భేదము నూటికి పది పాళ్లే. శక్తిలో భేదము నూటికి ముప్పది పాళ్లు. మొదటిది ఇంటి తోటకును, రైతు అప్పుడప్పుడు చేసికొను పనికిని ఉద్దేశింపబడినది. రెండవది దినమంతయు మాను కోయువారికై చేసినది. హస్క్‌వర్నా 550 ఎక్స్‌పి మార్క్ 2 కూడ ఈ రెండవ తరగతిదే: 50.1 సి.సి., 3 కిలోవాట్లు. అంతకు పైతరగతిలో హస్క్‌వర్నా 372 ఎక్స్‌పి చిరకాలముగా పేరుపొందినది. దానికి 70.7 సి.సి.; పాత నమూనాకు 3.9 కిలోవాట్లు.

జానెడు మందమునకు మించని సరుగుడు, సుబాబులు కఱ్ఱకు 50 సి.సి. తరగతి యంత్రమును, 16 అంగుళముల బారును చాలును. ముదిరిన చింత, మామిడి మ్రాకులకే 70 సి.సి. తరగతి కావలెను. చిన్న యంత్రమునకు పెద్ద బారు తగిలించుట పొరపాటు. గొలుసు వేగము తగ్గును, పనివాడు బలముగా అదుముచుండును, క్లచ్చి కాలిపోవును.

మఱియొక సంగతి. కఱ్ఱను కోయునది యంత్రము కాదు, గొలుసు పన్ను. అమెరికాలోని ఆరెగాన్ అడవులలో పనిచేసిన జోసెఫ్ కాక్స్ 1946లో ఒక మొద్దును తొలుచు పురుగును గమనించెను. అది తన రెండు దవడలతో ఎడమకును కుడికిని మార్చి మార్చి చెక్కుచు, కఱ్ఱ నారకు అడ్డముగాను నిలువుగాను సులభముగా పోవుచుండెను. ఆ రీతిని అనుసరించి అతడు చేసిన గొలుసే నేటి గొలుసులకు మూలము. అందుచేతనే పన్నులు కుడి యెడమలుగా అమర్చబడియున్నవి. పన్ను మొద్దువారినచో ఎంత శక్తిగల యంత్రమైనను వ్యర్థమే. రంపము పెళుసులు పెళుసులుగా కఱ్ఱపేళ్లను వెడలగ్రక్కినచో పదునున్నదనియు, మెత్తని పొట్టు రాల్చినచో పదును పోయినదనియు గ్రహింపవలెను.

2. అదురు

దుకాణమున చూచినప్పుడు కనబడనిది, ఏండ్లు గడచిన పిమ్మట చేతికి తెలియునది అదురు. యంత్రపు వణకు పిడులగుండ వ్రేళ్లలోనికి ప్రాకి సన్నని రక్తనాళములను, నరములను చెఱచును. మొదట వ్రేళ్లు తిమ్మిరెక్కును; పిమ్మట చలివేళ కొనలు తెల్లబారును; ముదిరినచో స్పర్శ తగ్గి, చొక్కా గుండీ పెట్టుకొనుటయు, నారు మొలకను పట్టుకొనుటయు కష్టమగును. ముదిరిన పిదప ఈ వ్యాధి పూర్తిగా నయమగుట అరుదు. రైతునకు చేయియే ఆస్తి గదా!

మంచి యంత్రములలో ఇంజనును పిడులను వేఱుపఱచుచు ఉక్కు స్ప్రింగులో, రబ్బరు దిమ్మలో అమర్చబడియుండును. అదురెంతయో తయారుచేయువారు ముద్రించు పుస్తకమున ఎడమ పిడికిని కుడి పిడికిని వేఱువేఱుగా చూపుదురు. ఆ అంకె ఎంత తక్కువగనున్న అంత మేలు.

యూరపు దేశములవారు 2002లో చేసిన నిబంధన ప్రకారము, ఎనిమిది గంటల పనిదినమునకు సరిచేసిన అదురు 2.5 అంకెను మించినచో యజమాని జాగ్రత్తలు తీసికొనవలెను. 5 అంకెను మించరాదు. దీనిని మన పనికి అన్వయించి చూతము. పిడిలో అదురు 7గా గల రంపమును చేతబట్టిన పనివాడు ఇంచుమించు ఒక గంటలోనే ఆ 2.5 హద్దును చేరును. అదురు 3.5గా గల రంపముతో అదే హద్దును చేరుటకు నాలుగు గంటలు పట్టును. అనగా అదురు సగమైనచో పనికాలము రెట్టింపు కాదు, నాలుగింతలగును. ఇచ్చట గంటలనగా గొలుసు తిరుగుచుండగా చేత పట్టిన కాలము మాత్రమే.

స్ప్రింగు విరిగినను, రబ్బరు చినిగినను, గొలుసు మొద్దువారినను మంచి యంత్రము సైతము చెడ్డదానివలెనే అదరును. కావున పని మొదలిడుటకు ముందు పిడిని ఊపి చూచుట అలవాటు చేసికొనవలెను. ఒక్కని చేతనే దినమంతయు కోయింపక ఇద్దరు వంతులు మార్చుకొనవలెను.

3. మరమ్మతు

సంఘపు యంత్రము పలువురి చేతులు మారును. కావున మూడింటిలో ఇదియే ముఖ్యమని మా యభిప్రాయము. కొనునప్పుడు నాలుగు సంగతులు చూడవలెను.

మొదటిది: గాలిజల్లెడ, ప్లగ్గు సులభముగా తీయ వీలున్నదా? దినము శుభ్రము చేయవలసినవి ఇవియే.

రెండవది: కార్బురేటరు ఏ విధమైనది? పాత పద్ధతిలో మరలను త్రిప్పి ఇంధనమును సరిచేయుదురు. నేర్పరియైన పల్లె మెకానికు చాలును. ఎం.ఎస్. 261 సి-ఎం, 550 ఎక్స్‌పి వంటివానిలో యంత్రమే స్వయముగా సరిచేసికొనును. ఇది సుఖమే, కాని అది చెడినప్పుడు పరీక్షించుటకు కంపెనీ డీలరుయొద్దనుండు పరికరము కావలెను.

మూడవది: ఇంజను కట్టడము. వృత్తి యంత్రములలో క్రాంకు పెట్టె మెగ్నీషియపు లోహముతో చేయబడి, సిలిండరును నాలుగు మరలు విప్పి పైకి తీయవచ్చును. ఎం.ఎస్. 250 వంటి చౌక తరగతిలో సిలిండరు చూడవలెనన్న ఇంజను మొత్తమును బయటికి తీయవలసియుండును. కూలి ఖర్చు ఇచ్చటనే పెరుగును.

నాలుగవది: విడిభాగములు ఒక్క దినములో వచ్చు దూరమున దొరకునా? ఇంధన గొట్టము, వడపోత, ప్లగ్గు, లాగుడు త్రాడు, గొలుసు, పండ్లచక్రము అను వీనిని దుకాణదారుని అడిగి, అక్కడికక్కడే చూపుమనవలెను.

యంత్రములు చెడుటకు హెచ్చుభాగము కారణము ఇంధనమే. తయారీదారులు చెప్పిన మంచి నూనెయైనచో లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్లు కలుపవలెను. నూనె లేని పెట్రోలు పోసిన పిస్టను పట్టుకొనిపోవును. ఇథనాలు కలిసిన పెట్రోలు నిలువయున్న తేమను పీల్చి గొట్టములను చెఱచును. యంత్రము కొంతకాలము పని లేక యుండునెడల ట్యాంకును ఖాళీచేసి పెట్టవలెను. ఆ యంత్రమునకు ఎంతపాలు ఇథనాలు పనికివచ్చునో పుస్తకమున చూడవలెను. పన్ను నూరుటకు గుండ్రని ఆకురాయి వాడుదురు: పాయింటు 325 అంగుళపు గొలుసునకు 4.8 మిల్లీమీటర్లది. ప్రతి పన్నును ఒకే వాలున, ఒకే లెక్కగా నూరవలెను.

బారు ముక్కు పైభాగము కఱ్ఱకు తగిలినచో రంపము ముఖముపైకి ఎగురును. చైను బ్రేకు పనిచేయనిచో యంత్రమును ముట్టరాదు. శిరస్త్రాణము, కంటి కాపు, గట్టి బూట్లు లేనివారికి సంఘము రంపము నీయరాదు.

సారాంశము

ఏటికి కొద్ది దినములు మాత్రమే కొమ్మలు నరకువారికి ఎం.ఎస్. 250 వంటిది చాలును. తోటకోతకై సంఘము కొనునెడల 50 సి.సి. వృత్తి యంత్రము ఉత్తమము. అయితే పరీక్షా పరికరముగల డీలరు జిల్లాలో ఉన్నప్పుడే. అట్టివాడు లేనిచోట బరువు కొంత హెచ్చైనను 372 ఎక్స్‌పి వంటి మరల కార్బురేటరు యంత్రమే మేలు. సంఘమున ఒక పుస్తకము పెట్టి, ఎవరు తీసికొనిరో, ఎన్ని గంటలు నడపిరో, ఎప్పుడు నూరిరో వ్రాయించవలెను. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి, శక్తిని చివరను, మరమ్మతును మొదటను విచారించి నిర్ణయింపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. ధనము సంఘమునిది, చేతులు మాత్రము మనవి.