క్రొత్త తట్టువపిల్లను మందలో చేర్చుట

దామంజోడినుండి నందపురము మీదుగా దక్షిణముగా పోయి మాచ్‌ఖండ్ లోయను దాటినచో ముంచింగిపుట్టు వచ్చును. దాని ఆవల పెదబయలు, పాడేరు, జి. మాడుగుల. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని యీ కొండయూళ్లలో, బాట సరిగా లేని చోట్లనుండి సంతకు కాఫీ, పసుపు, మిరియముల బస్తాలు మోసికొని వచ్చునవి తట్టువలు. మరలిపోవునపుడు బియ్యము, ఉప్పు, నూనె వాని వీపులమీదనే పోవును. అరకు వైపు ప్రయాణము చేసిన మన విద్యార్థులలో కొందరు వీనిని చూచియుందురు. తట్టువ యనగా పొట్టిగుఱ్ఱము. నేలనుండి మూపువఱకు కొలిచినపుడు సుమారు 148 సెంటీమీటర్లకు లోబడిన గుఱ్ఱములను ఈ వర్గమున చేర్చుట లోకమున వాడుక.

అట్టి యూరిలో ఒక కుటుంబమువారు పిల్లతట్టువను కొని తెచ్చిరనుకొందము. దాని వయస్సు ఏడెనిమిది నెలలు. తల్లిపాలు మాని కొలదికాలమే అయినది. అది బరువు మోయుటకు ఇంకను మూడేండ్లైనను వేచియుండవలెను. అంతవఱకు దానికి పెట్టు మేత, దానికొఱకు వెచ్చించిన ధనము, దానిపై పెట్టుకొన్న ఆశ, అన్నియు నాలుగు సన్నని కాళ్లపై నిలిచియున్నవి. గుఱ్ఱమునకు కాలు విరిగినచో, అది అతికి మరల బస్తా నెత్తుకొని కొండ దిగుట మిక్కిలి అరుదు. ఊరిగుఱ్ఱముల మందలో దానిని చేర్చు మొదటిదినములే అట్టి అపాయమునకు ఎక్కువ తావిచ్చును.

సామాన్యముగా జరుగునది యేమి? పిల్లను పలుపు విప్పి మందలోనికి తోలుదురు. “అవే సర్దుకొనును” అందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. గుఱ్ఱములు తమ తగవులను తామే తీర్చుకొనగలవు. కాని తీర్చుకొనుటకు వానికి చోటు కావలెను, కాలము కావలెను. ఇరుకైన దొడ్డిలోనో, వానకు జారు ఎఱ్ఱమట్టి వాలుమీదనో ఆ తగవు నడచినచో, ఓడినదానికి పోవుటకు దారి యుండదు. తన్ను తినుట యొక్కటే మిగులును.

మనుష్యులలో “కొత్త ఒక వింత, పాత ఒక రోత” అను సామెత యున్నది. గుఱ్ఱములయందు ఇది తలక్రిందులు. పాతది ప్రియము, క్రొత్తది అనుమానము. దీనికి కారణము లేకపోలేదు. గుఱ్ఱము కొమ్ములు లేని జంతువు. పులికిని, తోడేలునకును ఆహారము. దాని రక్షణ యంతయు పరుగునందును, తోడి గుఱ్ఱముల కన్నులయందును కలదు. ఒక్క గుఱ్ఱమే తలయెత్తక తన చుట్టును సుమారు 350 డిగ్రీలమేర చూడగలదు. ముక్కునకు సరిగా ముందును, తోకకు సరిగా వెనుకను మాత్రమే దానికి కనబడని తావులు. అట్టివి పది కలిసి మేయుచున్నపుడు ఏ మృగమును చాటుగా రాజాలదు. అయితే ఈ కాపుదల నమ్మకముమీద నడచును. ఎవరు ఎవరికి దారి యియ్యవలెను, నీటికడ ఎవరు ముందు, ఎవరిప్రక్కన ఎవరు నిలువవచ్చును అను క్రమము ఆ మందలో ముందే కుదిరియుండును. క్రొత్తది రాగానే ప్రతి గుఱ్ఱమును ఆ లెక్కను మొదటినుండి చూచుకొనవలసివచ్చును. మన పాఠశాలలో నడిసంవత్సరమున చేరి, ఏ బల్లపై కూర్చుండవలెనో తెలియక గుమ్మమున నిలిచిన బాలుని తలచుకొన్నచో ఆ పిల్లతట్టువ స్థితి కొంత బోధపడును.

గుఱ్ఱములు తమ మనస్సును దాచుకొనవు. చెవులు వెనుకకు అణచి తలవంచి ముందునకు వచ్చినచో “తొలగుము” అని అర్థము. పిఱుదులు త్రిప్పి నిలిచినచో తన్ను రానున్నది. రెండు గుఱ్ఱములు ముక్కునకు ముక్కు చేర్చి వాసన చూచి, కీచుమని అరచి, ముందరికాలితో నేలను కొట్టుట పరిచయమున తొలిమెట్టు. అది చూచి భయపడి కఱ్ఱ ఎత్తకూడదు. అయితే ఆ సమయమున వానినడుమ మనిషి నిలువరాదు. పిల్లగుఱ్ఱములకు మాత్రము ఒక ప్రత్యేకమైన చేష్ట కలదు. పెద్దది దగ్గఱకు రాగానే మెడ చాచి, పెదవులు వెనుకకు లాగి, నమలుచున్నట్లు దవడ లాడించును. “నేను చిన్నదానను, నీతో పోటీకి రాలేదు” అనుట వంటిదిది. పెద్దగుఱ్ఱము దీనిని అన్నివేళల మన్నించునని చెప్పలేము. కాపరి మాత్రము ఈ చేష్టను గుర్తింపవలెను. పిల్ల దవడ లాడించుచున్నను పెద్దది వదలక తఱుముచున్నచో దానిని ఆ దినమునకు వెలికి తీయుట మేలు.

ఇక చేర్చు విధానము. మొదట మూడువారములు పిల్లను మందకు దూరముగా, వేరు నీటితొట్టితో, ఉంచవలెను. ఇది మర్యాదకొఱకు కాదు, రోగభయముచేత. స్ట్రాంగిల్సు అను అంటురోగమున దవడక్రింది గ్రంథులు వాచి చీము పట్టును; పైకి ఆరోగ్యముగా కనబడు గుఱ్ఱము గూడ దానిని మోసికొని రావచ్చును. గ్లాండర్సు ఇంకను భయంకరము. అది మనుష్యులకు గూడ సోకును. అనుమానము కలిగినచో దాచక పశువైద్యునకు తెలుపవలెను. 2009 నాటి జంతువుల అంటురోగముల చట్టము గూడ దీనినే విధించుచున్నది. సంతలో కొన్న పిల్ల యే యూళ్లు తిరిగి వచ్చినదో కొన్నవానికి తెలియదు గదా!

తరువాత దడి చాటు పరిచయము. మందకును పిల్లకును నడుమ గట్టి వెదురుదడి యుండవలెను. ముక్కు చొచ్చునంత సందు చాలును, కాలు చొచ్చునంత సందు కూడదు. ముళ్లతీగ ఎంతమాత్రము పనికిరాదు. ఇట్లు కొన్నిదినములు ఒకదాని వాసన నొకటి చూచి, ఒకదాని ప్రక్కన నొకటి మేసి, అరచుటలు తగ్గినపిమ్మట మందనుండి ఒక్క గుఱ్ఱమును ఏరి పిల్లతో కలిపి విడువవలెను. ఏ గుఱ్ఱమును? ఇక్కడనే కాపరి తెలివి బయటపడును. కొందరు మందకు పెద్దయైన గుఱ్ఱమును తెచ్చెదరు, అది యొప్పుకొన్నచో అన్నియు నొప్పుకొనునని వారి యూహ. నా యభిప్రాయమున ఇది సరికాదు. పెద్దదానికి తన పెద్దరికమును కాపాడుకొనుటయే పని. నడివయస్సుది, నెమ్మదైనది, పిల్లలను పెంచి యెఱిగిన ఆడుగుఱ్ఱము ఇందుకు తగినది. మిక్కిలి క్రిందిస్థాయిది కూడదు. తనకంటె చిన్నది దొరికినదని పగ తీర్చుకొనవచ్చును.

ఈ జత కుదిరిన తరువాత, ఆ రెంటిని ముందుగా విశాలమైన బయలులో విడిచి, పిల్లకు నీరు ఎక్కడనున్నదో, కంచె ఎక్కడ ముగియునో తెలియనిచ్చి, అప్పుడు తక్కినవానిని తోలుకొని రావలెను. ఉదయము, వాన లేని దినమున, మంద కడుపునిండ మేసిన పిమ్మట. బయలునకు ఇరుకైన మూలలున్నచో వానిని కఱ్ఱలడ్డము కట్టి మూయవలెను. వెనుకకాళ్లకు లాడములున్నచో ఊడదీయవలెను. మేతను ఒక్కచోట పోయరాదు. గుఱ్ఱములు ఆరైనచో కుప్పలు ఏడు, కుప్పకును కుప్పకును నడుమ కాలు తగులనంత ఎడము. ఒకటి తఱిమినను మరియొక కుప్ప మిగిలియుండును.

ముఖ్యమైన మాట యొకటి. మేతకు విడిచిన గుఱ్ఱము దూరము పోకుండ ముంగాళ్లకు బందము వేయుట పలుచోట్ల కలదు. మందలో క్రొత్తగా చేరిన పిల్లకు బందము వేయరాదు, మెడనుండి పలుపు వ్రేలాడనీయరాదు. దాని కాళ్లే దాని ప్రాణము. ఓడి పాఱిపోవుట గుఱ్ఱములలో అవమానము కాదు. కలహము ముగియుటకు అదే మార్గము. పాఱిపోలేనిదానిని గెలిచిన గుఱ్ఱము గూడ విడువజాలదు.

ఇంత జాగ్రత్త పల్లెటూరి తట్టువకు ఎందుకని కొందరు నవ్వవచ్చును. మంగోలియాదేశమున ‘తఖీ’ అను అడవిగుఱ్ఱములు 1969 తరువాత అడవిలో కనబడలేదు. యూరోపులోని జంతుశాలలలో మిగిలిన వాని సంతతిని 1992లో హుస్తాయి అనుచోటికి విమానములపై తెచ్చిరి. తెచ్చినవారు వానిని వెంటనే కొండలలోనికి విడువలేదు. విశాలమైన కంచెలలో ఉంచి, ఆ గడ్డికిని, ఆ చలికిని, ఒకదానికొకటియు అలవాటు పడనిచ్చి, 1994లో మొదటి గుంపును విడిచిరి. సొంత దేశమునకే తిరిగివచ్చిన గుఱ్ఱములకు రెండేండ్లు పట్టినది. మన పిల్లతట్టువకు రెండుమాసములు ఎక్కువ కాదు.

మన పూర్వులకు గుఱ్ఱముల సంగతి తెలియనిది కాదు. విరటుని కొలువున నకులుడు దామగ్రంథి యను మారుపేరుతో అశ్వపాలకుడుగా చేరిన కథ మీరు చదివియే యుందురు. ఆ సాలలో అతడును క్రొత్తవాడే!

మందలో పిల్ల కుదిరినదని ఎట్లు తెలియును? తఱుముట తగ్గుట మొదటి గుర్తు. ఒక గుఱ్ఱము దాని మూపును పండ్లతో గీకుట రెండవది. గుఱ్ఱములు స్నేహితులకే ఇట్లు చేయును. మూపుకడ ఇట్లు గీకినపుడు గుండెకొట్టుకొనుట నెమ్మదించునని ఫ్రాన్సుదేశమున కామార్గ్ గుఱ్ఱములను పరిశీలించి 1993లో ప్రకటించిరి. అయినను నాకు అన్నిటికంటె నమ్మదగినదిగా తోచు గుర్తు మరియొకటి. గుఱ్ఱము నిలుచుండియే కునుకు తీయగలదు. కాని గాఢమైన నిద్ర నేలపై పరుండిననే పట్టును. భయమున్నచోట అది పరుండదు. క్రొత్తపిల్ల మొదటిదినములలో రాత్రియంతయు నిలుచుండియే తెల్లవార్చి, పగలు తూలుచుండును. కాపరి వేకువనే లేచి బయలునకు పోవలెను. ఒక ఉదయమున మంచులో పిల్లతట్టువ కాళ్లు చాచి, ప్రక్కకు ఒరిగి, గడ్డిపై నిద్రించుచుండును. దానికి రెండడుగుల దూరమున ముసలి ఆడుగుఱ్ఱ మొకటి చెవులు రిక్కించి నిలిచియుండును. ఆ దినమున దడి విప్పివేయవచ్చును.