సిక్కిం నదులు: తీస్తా ప్రస్థానం

పశ్చిమాన నేపాల్, ఉత్తరాన టిబెట్, ఆగ్నేయాన భూటాన్, దక్షిణాన పశ్చిమ బెంగాల్. వీటి నడుమ ఉన్నది సిక్కిం. 1975 మే 16న భారతదేశపు 22వ రాష్ట్రంగా అవతరించిన ఈ ప్రాంత వైశాల్యం 7,096 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఇంత చిన్న నేలలోనే 8,586 మీటర్ల కాంచనజంగ శిఖరమూ, సముద్రమట్టానికి సుమారు మూడు వందల మీటర్ల ఎత్తున గల వెచ్చని లోయలూ ఉన్నవి. ఇక్కడి నదుల స్వభావానికి ఈ నిటారు వాలే మూలం.

ఇక్కడ కురిసిన వాన, కరిగిన మంచు దాదాపు అంతా చేరేది తీస్తానే. ఉత్తరపు కొసన హిమానీనదాల వద్ద పుట్టిన లాచెన్ ఏరు, లాచుంగ్ ఏరు చుంగ్‌థాంగ్ వద్ద కలిసి తీస్తా అవుతున్నవి. పడమటి కొండల నీటిని తెచ్చే రంగీత్ పశ్చిమ బెంగాల్ సరిహద్దున దీనితో కలుస్తున్నది. లెప్చా ప్రజల గాథలలో ఈ రెండు నదులూ ప్రేమికులు. తీస్తాకు పాము, రంగీత్‌కు పక్షి దారి చూపినవట. పక్షి మేతకై ఆగుతూ పోవడంతో రంగీత్ ఆలస్యంగా చేరినదట.

నది అనగానే విశాలమైన మైదానమూ, కాలువలూ తలపునకు వచ్చే కృష్ణా, గోదావరి తీరవాసులకు ఈ నదులు వింతగా తోచవచ్చు. ఇక్కడ నది ఇరుకైన లోయ అడుగున రాళ్ళను దొర్లించుకొంటూ ఉరుకుతుంది. ఊళ్ళు చాలావరకు కొండవాలుల మీదనే ఉన్నవి. రాజధాని గాంగ్‌టక్ కూడ అటువంటిదే. వాలును మెట్లుగా చెక్కి వరి, మొక్కజొన్న పండిస్తారు. చెట్ల నీడన పెద్ద ఏలకులు పెంచుతారు. అడుగున పారే నది నీరు ఈ మెట్ల పొలాలకు ఎక్కదు. కొండ ఊటలూ, సెలయేళ్ళే వాటికి ఆధారం.

ఇంత వాలున దుమికే నీరు జలవిద్యుత్తుకు అనువైనదని తలపెట్టిన 1,200 మెగావాట్ల కేంద్రం 2017లో పనిచేయసాగినది. దాని ఆనకట్ట చుంగ్‌థాంగ్ వద్ద ఉండేది. అక్కడికి ఎగువన హిమానీనదం కరిగి వెనుకకు తగ్గినకొద్దీ దక్షిణ లోనాక్ సరస్సు పెరుగుతూ వచ్చినది. 2023 అక్టోబరు 3వ తేదీ రాత్రి, హిమానీనదం పేర్చిన రాళ్ళూ మట్టితో కూడిన పక్కగట్టు విరిగి సరస్సులో పడినది. లేచిన అల సరస్సు కట్టను తెంచివేసినది. తెల్లవారకముందే ఆనకట్ట కొట్టుకొనిపోయి, దిగువన సింగ్‌తామ్, రంగ్‌పో పట్టణాల వరకు ఇండ్లూ వంతెనలూ నేలమట్టమైనవి. పలువురు ప్రాణాలు కోల్పోయినారు.

సేవోక్ వద్ద కొండలను విడిచిన తీస్తా ఉత్తర బెంగాల్ దాటి బంగ్లాదేశ్‌లో బ్రహ్మపుత్రతో కలుస్తున్నది. పూర్వం అది గంగ వైపు పారేది. 1787 వరదలో దారి మార్చుకొన్నది. 2023 వరద తెచ్చిన ఇసుక, బురద మైదానంలో నదీగర్భాన్ని మెరక చేసినవి.