విహంగ వీక్షణం

‘విహంగ వీక్షణం’ అనే సమాసానికి రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. విహంగం చేసే వీక్షణం ఒకటి. విహంగాన్ని వీక్షించడం మరొకటి. ఒక విషయాన్ని పైపైన, స్థూలంగా పరికించడాన్ని మనం మొదటి అర్థంలో వ్యవహరిస్తున్నాం. రెండవది దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ మనిషి నేలమీద నిలబడి, తల పైకెత్తి, ఆకుల మాటున ఉన్న ఒక ప్రాణిని సూక్ష్మంగా పరిశీలిస్తాడు.

మన కావ్యాలలో పక్షులకు కొదవ లేదు. హంస రాయబారం నడిపింది. చకోరం వెన్నెలను త్రాగింది. చాతకం వానచినుకుకై నోరు తెరచి ఎదురుచూసింది. అవి కవుల భావనాకాశంలో ఎగిరిన పక్షులు. అడవిలో ఎగిరే పక్షులను చూడాలంటే అడవికే వెళ్లాలి. అటువంటి యాత్రకు కేరళలోని పడమటి కనుమలు ఎంతో అనువైనవి. తపతీ నది నుండి కన్యాకుమారి వరకు సుమారు 1600 కిలోమీటర్ల పొడవున సాగే ఈ కనుమలు నైరుతి ఋతుపవనాలను అడ్డగించి వర్షింపజేస్తాయి. ఆ వర్షమే అక్కడి సతత హరితారణ్యాలకు జీవనాధారం. 2012లో యునెస్కో ఈ కనుమలలోని పలు ప్రదేశాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పక్షులను చూడబోయేవారు ముందుగా పెరియార్ నదీతీరాన ఉన్న తట్టేక్కాడ్‌కు చేరుకుంటారు. సుప్రసిద్ధ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1933లో తిరువాన్కూరు, కొచ్చి సంస్థానాలలో పక్షులను సర్వే చేస్తూ ఈ అడవికి వచ్చాడు. ఇక్కడి పక్షి సంపదను చూసి ముగ్ధుడయ్యాడు. సరిగ్గా యాభై సంవత్సరాల తరువాత, 1983లో, ఇది పక్షి సంరక్షణ కేంద్రమైంది.

ఇక్కడ యాత్రికుడు నేర్చుకునే మొదటి పాఠం మౌనం. తెల్లవారకముందే బయలుదేరాలి. రంగురంగుల దుస్తులు పనికిరావు. బైనాక్యులర్స్ ఉన్నంత మాత్రాన పక్షి కనిపించదు. దట్టమైన అడవిలో కన్నుకన్నా ముందు చెవి పనిచేస్తుంది. వాగు ఒడ్డున ఎవరో పిల్లవాడు తోచినట్లు ఈల వేస్తున్నట్లు వినిపిస్తుంది. తీరా చూస్తే అది మలబార్ విజిలింగ్ థ్రష్ అనే నీలిరంగు పక్షి గానం. ఎర్రని రొమ్ముగల మగ ట్రోగన్ పక్షి దగ్గరలోనే ఉన్నా, వీపు మనవైపు తిప్పి కదలక కూర్చుంటుంది కనుక కంటబడదు. శ్రీలంకలోను, పడమటి కనుమలలోను మాత్రమే జీవించే ఫ్రాగ్‌మౌత్ పక్షుల జంట పగలంతా ఒక కొమ్మపై ఒదిగి నిద్రిస్తుంది. చూసేవారికి అవి రెండు ఎండుటాకులు. ఆ అడవిలో పుట్టి పెరిగిన మార్గదర్శి వేలితో చూపితే తప్ప, ఎంతటి విద్వాంసుడికైనా అవి పక్షులని తోచదు.

అక్కడి నుండి దారి మున్నార్ కొండలపైకి సాగుతుంది. 1978లో జాతీయోద్యానంగా ప్రకటించబడిన ఎరవికుళం ఇక్కడే ఉంది. దక్షిణ భారతంలోకెల్లా ఎత్తైన ఆనముడి శిఖరం (2695 మీటర్లు) దీనిలోనిదే. ఇక్కడి కొండలపై పచ్చికబయళ్లు పరుచుకొని ఉంటాయి. లోయల మడతలలో ‘షోలా’ అని పిలిచే పొట్టి చెట్ల అడవులు ఉంటాయి. నీలగిరి పిపిట్ పచ్చికలో తిరుగుతుంది. నలుపు, నారింజ రంగుల చిన్న ఈగపట్టు పిట్ట షోలా పొదలలో మసలుతుంది. వేడి పెరిగితే పల్లపు పక్షులు పై కొండకు పోవచ్చు. శిఖరం మీది పక్షులు ఇంకెక్కడికి పోగలవు?

యాత్రలో చివరి మజిలీ పాలక్కాడ్ జిల్లాలోని సైలెంట్ వ్యాలీ జాతీయోద్యానం. ముక్కాలి గ్రామం నుండి జీపులో అడవిలోకి వెళితే సైరంధ్రి అనే చోటు వస్తుంది. విరాటపర్వం చదివిన వారికి ఆ పేరు పరిచితమే. అజ్ఞాతవాసంలో ద్రౌపది ధరించిన నామమది. అడవిలో పారే నది పేరు కుంతి. పాండవులు ఇక్కడ సంచరించారని స్థానికుల నమ్మకం.

సైరంధ్రి వద్దనున్న వీక్షణ గోపురంపై నిలిచినవారికి ఒక్కొక్కప్పుడు లోయలోనుండి పెద్ద కొలిమితిత్తి ఊదుతున్నటువంటి ధ్వని వినిపిస్తుంది. అది గ్రేట్ హార్న్‌బిల్ రెక్కల చప్పుడు. దాదాపు మీటరు పొడవు, పసుపుపచ్చని పెద్ద ముక్కు, దానిపై శిరస్త్రాణం వంటి దిమ్మ గల ఈ పక్షి కేరళ రాష్ట్ర పక్షి. మలయాళంలో దీనిని ‘మలముళక్కి వేళాంబల్’ అంటారు. ‘మల’ అంటే కొండ; కొండను మారుమ్రోగించేది మలముళక్కి. మన చాతకం వలెనే వేళాంబల్ కూడా వానకై ఎదురుచూస్తుందని మలయాళీల భావన.

దీని సంసారం ఆశ్చర్యకరమైనది. ఇది వడ్రంగిపిట్ట వలె చెట్టును తొలచుకోలేదు. వయసు మీరిన మహావృక్షంలో సహజంగా ఏర్పడిన తొర్ర దొరకాలి. ఆడపక్షి అందులో ప్రవేశించి, ద్వారాన్ని తన రెట్ట మొదలైన వాటితో మూసివేసి, ముక్కు పట్టేటంత సందు మాత్రం మిగుల్చుకుంటుంది. లోపల దాని ఈకలు రాలి కొత్తవి వస్తాయి. నెలల తరబడి మగపక్షి మర్రి, రావి జాతి పండ్లను తెచ్చి ఆ సందులో నుండి అందిస్తుంది. ఆ మగపక్షి వేటగాని గుండుకు కూలిందంటే, చీకటి తొర్రలో తల్లీబిడ్డల ప్రాణాలకే ముప్పు. మరొకవైపు, ఈ పక్షి తిన్న పండ్ల విత్తనాలు దూరదూరాన పడి మొలకెత్తుతాయి. చెట్టు పక్షికి ఇల్లిస్తుంది. పక్షి అడవికి చెట్లనిస్తుంది. ఒకటి పోతే రెండవది నిలువలేదు.

ఇంతటి అరణ్యం ఒకప్పుడు నీట మునగవలసి ఉండెను. 1970లలో కుంతి నదిపై జలవిద్యుత్ ఆనకట్టను తలపెట్టారు. కరెంటు అవసరమే, ఉపాధి అవసరమే. ఆ వాదనలో నిజం లేకపోలేదు. కాని ఒకసారి మునిగిన వర్షారణ్యాన్ని తిరిగి నిర్మించగల ఇంజనీరు లేడు. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు కార్యకర్తలు, కవయిత్రి సుగతకుమారి, సలీం అలీ వంటి వారు అడవి పక్షాన నిలిచారు. చివరకు 1983లో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించింది. 1984లో ఆ అడవి జాతీయోద్యానమైంది.

పెద్దల ఉద్యమాలు మాత్రమే అడవిని కాపాడవు. సైలెంట్ వ్యాలీకి దక్షిణాన, చాలక్కుడి నదీ పరీవాహక ప్రాంతంలోని వాళచ్చాల్ అడవులలో కాదర్లనే గిరిజనులున్నారు. ఒకప్పుడు వారిలో కొందరు హార్న్‌బిల్ పిల్లలను ఆహారం కోసం పట్టేవారు. అటవీశాఖ, పరిశోధకుల తోడ్పాటుతో ఆ చేతులే నేడు ఆ గూళ్లకు కావలి కాస్తున్నాయి. ఏ చెట్టులో తొర్ర ఉన్నదో వారికన్నా బాగా తెలిసినవారెవరు?

ఈ యాత్ర చేసినవాడు లెక్కించుకోవలసింది తాను చూసిన పక్షుల సంఖ్యను కాదు. గూటి దగ్గరకు పోకుండా, రికార్డు చేసిన కూతలతో పిలిచి వేధించకుండా, ఫొటో కోసం కొమ్మ విరవకుండా తిరిగి రాగలిగాడా అన్నదే ముఖ్యం. అందుకు కేరళ దాకా పోనక్కరలేదు. గోదావరికి ఇరువైపులా విస్తరించిన పాపికొండల అరణ్యం 2008లో జాతీయోద్యానమైంది. అదీ దూరమనుకుంటే కళాశాల ఆవరణలోని వేపచెట్టు ఉండనే ఉంది. దాని క్రింద పది నిమిషాలు మౌనంగా నిలబడితే చాలు, విహంగ వీక్షణం ఆరంభమైనట్లే.

అర్థాలు
భావనాకాశం : ఊహ అనే ఆకాశం
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
కొలిమితిత్తి : కమ్మరి నిప్పును రగిల్చే తోలుసంచి
శిరస్త్రాణం : తలకు రక్షణగా ధరించేది

ప్రశ్నలు
1. ‘విహంగ వీక్షణం’ అనే సమాసానికి గల రెండు అర్థాలను వివరించండి.
2. హార్న్‌బిల్ పక్షికి, అడవికి గల పరస్పర సంబంధాన్ని తెలపండి.
3. ‘మునిగిన వర్షారణ్యాన్ని తిరిగి నిర్మించగల ఇంజనీరు లేడు’ — ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.