కప్పుగల కొయ్యవంతెనలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యభాగమున వెర్మాంట్, న్యూహాంప్‌షైర్ అను రెండు చిన్న రాష్ట్రములు కలవు. వాని నడుమ కనెక్టికట్ నది పాఱుచున్నది. ఆ నదీతీరపు బాటను మోటారుకారులో పోవు యాత్రికులకు నీటిపై పొడవైన కొయ్యయిల్లు వంటి కట్టడ మొకటి కానవచ్చును. ఇరుప్రక్కల పలకలగోడలు, పైని వాలుకప్పు, రెండు కొనలందు ద్వారములు. అది వంతెన! విద్యార్థులారా, పటమును ముందుంచుకొని మనమును ఆ బాటను కొంతదూరము పోవుదము.

వంతెనకు కప్పేల? మంచు పడకుండుటకని పెక్కురు తలంతురు. అది సరికాదు. చలికాలమున చక్రములులేని జారుడుబండ్లు నడచుటకై ఊరివారే మంచును తెచ్చి లోపలి బల్లలపై పఱచెడివారు. కప్పు బాటసారులకొఱకు గాదు, దూలములకొఱకు. వంతెన బరువును మోయునది ప్రక్కగోడలలో దాగియున్న కొయ్యచట్రము. దాని కీళ్లలో వాననీరు నిలిచినచో కొయ్య చివికిపోవును. కప్పులేని కొయ్యవంతెన 20 ఏండ్లు నిలుచుట యరుదు. కప్పుగలది 100 ఏండ్లు దాటియు నిలుచును. పైపలకలు పాడైనచో మార్చుట సులభము, వ్యయమును స్వల్పము. లోని దూలముల సంగతి యట్టిది గాదు.

ఆ చట్రపు మర్మము నెఱుంగుటకు నాలుగు వెదురుబద్దలను చతురస్రముగా కట్టి ఒక మూలను నొక్కుడు. అది ప్రక్కకు ఒరగును. ఐమూలగా మఱియొక బద్దను కట్టుడు, ఇక ఒరగదు. త్రిభుజమునకు గల బల మదియే. 1820లో ఇథియల్ టౌన్ అను వాస్తుశిల్పి, పలకలను ఐమూలగా తడిక యల్లినట్లు దాటించి, దాటినచోటులందు కొయ్యమేకులు బిగించు పద్ధతికి పేటెంటు హక్కు పొందెను. ఊరి వడ్రంగులును దీనిని కట్టగలిగిరి.

మన బాటలో మొదటిది కోర్నిష్-విండ్సర్ వంతెన. అచ్చట అంతకుముందు కట్టిన మూడు వంతెనలును వఱదలపాలయ్యెను. నాలుగవదానిని 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ అనువారు 9,000 డాలర్ల వ్యయముతో కట్టిరి. పొడవు సుమారు 449 అడుగులు. గుఱ్ఱములను నడిపింపవలెను, లేనిచో 2 డాలర్ల అపరాధ మని ద్వారముపై వ్రాసియున్నది. 1943 వఱకు దాటువారు సుంకము చెల్లించిరి. వింత యేమనగా, ఇచ్చట రాష్ట్రపు సరిహద్దు నది నడుమ గాక పడమటి యొడ్డున నున్నది. కావున వంతెన దాదాపుగా న్యూహాంప్‌షైర్‌దే!

విండ్సర్‌నుండి వాయవ్యముగా పోయినచో 1836 నాటి టాఫ్ట్స్‌విల్ వంతెన కలదు. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వచ్చినప్పుడు అది మిగుల దెబ్బతినెను. వాన నాపు కప్పు వఱద నాపజాలదు గదా! దక్షిణమున బార్టన్స్‌విల్‌లో 1870 నాటి వంతెన అదే దినమున జనులు చూచుచుండగనే యేటిలో కూలెను. ఊరివారు మరల కొయ్యతోనే, ఆ యల్లికతోనే కట్టించి 2013లో తెఱచిరి.

ఇది పాత వంతెన కాదని యెవరైన ననవచ్చును. మాకట్లు తోచదు. కోర్నిష్ వంతెనలో సయితము 1989 నాటి మరమ్మతులందు క్రొత్త దూలములు చేరినవి. గోడపలకలు ఎన్నిమాఱులు మాఱినవో! అయినను దానిని 1866 నాటి వంతెన యనియే అందఱు నందురు.