మెట్టు దగ్గర గుండ్రం

తల్లీ,

నీ ఎక్సెల్ షీట్ రెండుసార్లు చూశాను. కూడికలో తప్పు లేదు. గంట కూలి ఒక్కటే పెట్టుకుంటే ఏ ఏడాది తీసుకున్నా చైనాయే నెగ్గుతుంది. "మరి జీఈ వాళ్ళు వాటర్ హీటర్ తయారీని కెంటకీకి ఎందుకు తెచ్చుకున్నారు పెదనాన్నా, దేశభక్తా?" అని అడిగావు. కాదమ్మా. చైనాలో కూలి పెరిగింది, ఓడ ఖర్చూ పెరిగింది, అది నీకు క్లాసులో చెప్పే ఉంటారు. అసలు జవాబు నువ్వు షీట్‌లో గీయని గడిలో ఉంది.

చైనాలో చేసినప్పుడు ఆ జియోస్ప్రింగ్ హీటర్ అమ్మకపు ధర 1,599 డాలర్లు. 2012లో కెంటకీలోని లూయీవిల్‌లో చేయడం మొదలయ్యాక 1,299. కూలి ఎక్కువున్న ఊరికి వచ్చి ధర ఎలా దిగింది? తయారీని వెనక్కి తెద్దామనుకున్నాక ఇంజినీర్లు ఆ డిజైన్‌ను మళ్ళీ ముందేసుకుని చూశారు. లోపల రాగి గొట్టాలు చిక్కుపడ్డ దారంలా ఉన్నాయి. వాటిని అతకడం మహా కష్టం. గీసింది జీఈ వాళ్ళే. అతికేవాళ్ళు మాత్రం సముద్రానికి అవతల ఉన్నారు, పైగా చవక. ఆ కష్టం గీసినవాళ్ళ చెవిన పడే దారే లేకపోయింది. ఈసారి డిజైన్ చేసేవాళ్ళూ, లైన్ మీద బిగించేవాళ్ళూ ఒకేచోట కూర్చున్నారు. గొట్టాల చిక్కే లేకుండా చేశారు. సామాను ఖర్చు పావు వంతు తగ్గింది. పది గంటల పని రెండు గంటలకు దిగింది.

ఇది చదివినప్పుడు నాకు బాలానగర్ గుర్తొచ్చింది. నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఇది.

అప్పట్లో నేను అక్కడ ఒక పంపుల కంపెనీలో కొనుగోళ్ళు చూసేవాణ్ణి. పంపు షాఫ్టులు మా వీధి చివర లేత్ షాపులో చేయించేవాళ్ళం. దూరపు ఊరి నుంచి ఇంకొకరు ఒక్కో షాఫ్టుకు పద్దెనిమిది రూపాయలు తక్కువకు ఇస్తామన్నారు. మార్చేశాను. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ వేసవిలో పంపులు తిరిగి రావడం మొదలైంది. విరిగిన షాఫ్టులు తెచ్చి నా బల్ల మీద వరసగా పెట్టారు. అన్నీ ఒకేచోట విరిగాయి, లావు నుంచి సన్నానికి దిగే ఆ మెట్టు దగ్గర. వేలు పెట్టి తడిమితే మూల కత్తిలా తగిలింది. మా డ్రాయింగ్‌లో ఉన్నది అదే. కొత్తవాళ్ళు గీసింది గీసినట్టు కోశారు, వాళ్ళ తప్పేమీ లేదు. మా పాత మేస్త్రి మాత్రం ఏనాడూ అలా కోయలేదు. ఆ మూలలో చిన్న గుండ్రం ఇచ్చి పంపేవాడు. "సార్, పదునుగా వదిలేస్తే అక్కణ్ణుంచే పగులు పడుతుంది" అని ఒకసారి నాతో చెప్పాడు. సరేనన్నాను, డ్రాయింగ్ దిద్దించలేదు. బావిలో నీళ్ళుండి కూడా పైరు ఎండబెట్టుకున్న ఒక రైతు ఆ విరిగిన ముక్క పట్టుకుని మా గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ ముఖం నేను మర్చిపోలేదు.

పరుగెత్తుకుంటూ మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఆయన ఒక లేత్ అమ్మేశాడు. పని నేర్చిన కుర్రాడు ఆటో తోలుకుంటున్నాడు. పని తిరిగి ఇవ్వడానికి నాకు ఒక్క పూట పట్టింది. ఆ చేతులు మళ్ళీ తయారవడానికి మూడేళ్ళు పట్టింది. పని వెనక్కి తేవడం గురించి ఎవరు ఏం రాసినా నేను ముందు వెతికేది ఆ మూడేళ్ళ లెక్కే. నీ షీట్‌లో దానికి చోటు లేదు.

ఇక నీ వ్యాసం చివర్లో రాసిన వాక్యం, "పాత ఉద్యోగాలన్నీ తిరిగి వస్తాయి" అన్నది కొట్టెయ్యి. ఇంత చదివి అలా ఎలా రాశావు? లూయీవిల్‌లోని ఆ అప్లయన్స్ పార్కులో 1973లో 23,000 మంది పనిచేసేవాళ్ళు. 2011 నాటికి రెండు వేలు కూడా లేరు. హీటర్ వచ్చాక కొత్తగా చేరినవాళ్ళలో చాలామందికి గంటకు పదమూడున్నర డాలర్ల చిల్లర, పాతవాళ్ళు చేరినప్పటి కూలి కన్నా దాదాపు ఎనిమిది తక్కువ. ఆ హీటర్ కూడా ఎక్కువ కాలం నిలవలేదు. అనుకున్నంత అమ్ముడుపోక 2016 చివర్లో ఆపేశారు. అదే ఏడాది జీఈ గృహోపకరణాల వ్యాపారం మొత్తాన్ని చైనా కంపెనీ హయర్ కొనుక్కుంది. ఇప్పుడు ఆ హయర్ చేతిలో ఉన్న కంపెనీయే వాషింగ్ మెషీన్ల తయారీని చైనా నుంచి అదే పార్కుకు తెస్తానని 2025లో ప్రకటించింది. పెట్టుబడి 49 కోట్ల డాలర్లు, ఉద్యోగాలు 800. భాగించి చూసుకో, డబ్బంతా దేనికి పోతోందో తెలుస్తుంది. ఇవన్నీ నీ వ్యాసంలో ఉండాలి. నీ వాదనకు అడ్డొస్తాయని దాచకు.

లూయీవిల్ మీ సిన్సినాటికి వంద మైళ్ళే కదా, ఒకసారి వెళ్ళి చూసి రా. అక్కడ కుదరకపోతే మీ ఊళ్ళోనే ఏదైనా చిన్న మెషీన్ షాపుకు వెళ్ళు. యజమానితో కాఫీ తాగి వచ్చేయకు. మెషీన్ దగ్గరున్న మనిషిని అడుగు, డ్రాయింగ్‌లో లేకుండా నువ్వు చేస్తున్నదేమిటని. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసి నాకు పంపు. ఫోన్‌లో చెప్పకు, నాకు సరిగ్గా వినపడటం లేదు.

మీ పెదనాన్న