తరగతి గదిలో నెట్టు: కోల్‌కతా టీచర్ల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా బడిలో ఈ ఏడాది స్మార్ట్ బోర్డు పెట్టారు. నేను పదో తరగతికి ఫిజిక్స్ చెబుతాను. కరెంటు పాఠానికి వీడియోలు వేస్తే పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారు. మర్నాడు అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. ఇంకా మంచి వీడియోలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక టీచర్, బెహాలా

జవాబు: ఇంకో వీడియో కోసం వెతక్కండి మేడమ్. వీడియో నడిచినంతసేపూ పిల్లలకు చేసే పనేమీ ఉండదు. చిక్కంతా అక్కడే ఉంది. వాళ్ల చేత ఏదో ఒకటి చేయించే సైటు కావాలి మీకు.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ‘ఫెట్’ అలాంటిదే. పైసా కట్టక్కర్లేదు. అందులో డీసీ సర్క్యూట్ కట్టే ప్రయోగం తెరవండి. బ్యాటరీ, వైర్లు, బల్బులు, స్విచ్ అన్నీ తెర మీదే లాగి కలుపుకోవచ్చు. ఒక బ్యాటరీకి రెండు బల్బులు వరుసగా కలపండి, స్విచ్ మాత్రం వేయకండి. ‘ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది?’ అని అడిగి, ప్రతి ఒక్కరి చేతా నోటుబుక్కులో జవాబు రాయించండి. మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుంది గనక రెండోది మసగ్గా వెలుగుతుందని చాలామంది రాస్తారు. చేతులెత్తించండి, కాసేపు పోట్లాడుకోనివ్వండి. అప్పుడు స్విచ్ వేయండి. రెండూ ఒకేలా వెలుగుతాయి! తప్పు రాసినవాడే ముందు ‘ఎందుకు సార్’ అంటాడు, మేడమ్ ముందున్నారన్న సంగతి కూడా మరిచిపోయి. ఇక పాఠం మొదలుపెట్టండి.

తర్వాత ఒక బల్బుకు అటూ ఇటూ ఒట్టి వైరు కలిపితే ఏమవుతుందో అడగండి. అది ఆరిపోయి, రెండోది ఇంకా ప్రకాశంగా వెలుగుతుంది. ఇక్కడా ముందు రాయించాకే చూపించాలి. బ్యాటరీ రెండు కొసలనూ నేరుగా వైరుతో కలిపితే తెర మీద మంటలు లేస్తాయి. ఆ ముచ్చట ఒక్కసారికి మించి చూపించకండి, పీరియడ్ అంతా దానికే పోతుంది.

బడి వైఫై సరిగ్గా పదకొండు గంటల పీరియడ్‌లోనే మొరాయిస్తుంది గనక ముందు రాత్రే ప్రయోగాన్ని డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టుకోండి. నెట్ లేకుండా కూడా నడుస్తుంది. చాందనీ మార్కెట్‌లో నాలుగు టార్చిలైటు బల్బులు, సెల్స్ కొని బల్ల మీద పెట్టుకోవడం కూడా మరవకండి. నిజం బల్బులు తెర మీది బల్బుల్లా అచ్చంగా ఒకేలా వెలగవు. ఎందుకు వెలగవో పిల్లల్నే తేల్చమనండి. వీడియోలు చూసి పదో తరగతి మాధ్యమిక్ పరీక్షలో మార్కులు తెచ్చుకున్న వాళ్లున్నారేమో, ఫిజిక్స్ నేర్చుకున్న వాళ్లను నేను చూడలేదు.

ప్రశ్న: ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. వ్యాసం ఒకసారి రాశాక మళ్లీ దిద్ది రాయమంటే పిల్లలకు ఏడుపొస్తుంది. కొట్టివేతలు కనిపిస్తే ఇంట్లో తిడతారట. దీనికి నెట్‌లో మందుందా?
– ఒక టీచర్, సాల్ట్ లేక్

జవాబు: ఉంది, అదీ మీ ఊళ్లో తయారైనదే. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్ట్స్ అండ్ రికార్డ్స్ వాళ్లు 2013లో ‘బిచిత్ర’ అనే సైటు తెరిచారు. రవీంద్రనాథ్ ఠాకూర్ బెంగాలీలో, ఇంగ్లిష్‌లో రాసిన రచనల రాతప్రతులు, పాత ముద్రణలు కలిపి దాదాపు 1.4 లక్షల పుటల బొమ్మలు అందులో ఉన్నాయి. ఒకే రచనకు ఉన్న వేర్వేరు పాఠాలను పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏ మాట మారిందో చూపించే ఏర్పాటూ ఉంది.

మీరు చేయాల్సింది చిన్న పని. రాతప్రతిలో బాగా కొట్టివేతలున్న పుట ఒకటి ఇంట్లోనే ఎంచుకుని బోర్డు మీద వేయండి. ఎవరి రాతో ముందు చెప్పకండి. ‘ఈ అబ్బాయికి ఎన్ని మార్కులు వేద్దాం?’ అని అడగండి. పిల్లలు నిర్దయగా సున్నా వేస్తారు. అప్పుడు పేరు చెప్పండి. కోల్‌కతా పిల్లల ముందు ఆ పేరు చెబితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! 1924 నాటి ‘పూరబి’ రాతప్రతిలో ఠాకూర్ కొట్టేసిన మాటల్ని గీతలతో కలుపుతూ పక్షులుగా, జంతువులుగా మార్చేశారు. ఆయన చిత్రకారుడైంది ఆ కొట్టివేతల్లోంచే. తమ వ్యాసంలో కొట్టివేతల్ని బొమ్మలు చేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. వ్యాసం అయిపోయాకే బొమ్మలు.

తరవాతి వారం జనగణమన తీసుకోండి. 1911 డిసెంబరు 27న కోల్‌కతా కాంగ్రెస్ సభలో తొలిసారి పాడిన ఆ పాటకు ఠాకూర్ ఇంగ్లిష్ పాఠం సిద్ధం చేసింది 1919లో, మన మదనపల్లెలో. బెంగాలీ మూలంలోని అయిదు చరణాల్లో మనం పాడేది మొదటిదే. మిగిలిన నాలుగు మీ తరగతిలో ఎందరికి తెలుసో కనుక్కోండి. బెంగాలీ వచ్చిన పిల్లలు మూలం చదువుతారు, రానివాళ్లు ఇంగ్లిష్ చదువుతారు. ఏ మాట ఎటు పోయిందో వాళ్లే తేల్చుకుంటారు. ఠాకూర్ రచనలకు కాపీరైటు 2001 చివరితో ముగిసింది కాబట్టి పద్యం అచ్చు తీసి పంచినా ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: మా తాతల కాలంలో జనపనార మిల్లుల పనికి ఇక్కడికి వచ్చాం. ఆదివారాలు పదిహేనుమంది పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఇంట్లో మాట్లాడతారు, చదవడం రాదు. పుస్తకాలు దొరకడంలేదు.
– ఒక తెలుగు అభిమాని, టిటాగఢ్

జవాబు: పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. సంతోషం! కానీ హోదా వచ్చినంత మాత్రాన పిల్లలకు ‘క్ష’ గుణింతం రాదు కదా. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన ‘స్టోరీవీవర్’ చూడండి. బొమ్మల కథలు తెలుగులోనూ బెంగాలీలోనూ ఉచితంగా ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసి అచ్చు తీసుకోవచ్చు. ఒకే కథ రెండు భాషల్లో ఉన్నది వెతికి, ముందు బెంగాలీలో చదివించండి. క ఖ గ ఘ వరుస రెండు లిపుల్లోనూ ఒకటే గనక పిల్లలు అనుకున్నదానికన్నా త్వరగా అందుకుంటారు. ఎక్కడ తడబడతారో మాత్రం ముందే తెలిసి ఉండాలి. ఎ–ఏ, ఒ–ఓ తేడా బెంగాలీ అక్షరాల్లో లేదు, ‘ళ’ లేదు, ‘వ’ను ‘బ’లా పలుకుతారు. ‘వాన’ కాస్తా ‘బాన’ అవుతుంది. నవ్వకండి, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అర్థాలకు ఆంధ్రభారతి నిఘంటువు, పెద్ద పిల్లలకు తెలుగు వికీపీడియా చాలు. యాప్‌ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

ప్రశ్న: చరిత్ర హోంవర్క్ అంతా ఏఐతో రాయించుకొస్తున్నారు. ముప్పై పుస్తకాల్లో ఒకే వ్యాసం. ఫోన్ లేని పిల్లలు మాత్రం ఖాళీ పుస్తకం తెస్తున్నారు. రెండూ తలనొప్పే.
– ఒక మాస్టారు, హౌరా

జవాబు: నెట్ ఉంటే తప్ప చేయలేని హోంవర్క్ ఇవ్వకండి మాస్టారూ. రెండో తలనొప్పి దాంతో పోతుంది. నెట్ పని బడిలోనే, మీ కళ్ల ముందే జరగాలి. హయ్యర్ సెకండరీ పిల్లలకు ట్యాబు లేదా ఫోను కొనుక్కోమని రాష్ట్ర ప్రభుత్వం ‘తరుణేర్ స్వప్న’ కింద 10,000 రూపాయలు ఇస్తోంది, కానీ మీ పిల్లలు అంతకన్నా చిన్నవాళ్లయితే అది అందదు.

మొదటి తలనొప్పికి మందు ప్రశ్నలోనే ఉంది. ‘శాతవాహనుల శిల్పకళ గురించి రాయుము’ అంటే ఏఐ రాయక ఏం చేస్తుంది? పిల్లల్ని చౌరంగీలోని ఇండియన్ మ్యూజియానికి తీసుకెళ్లండి. శాతవాహనుల నాటి అమరావతి శిల్పాలు కొన్ని అక్కడున్నాయి. ఒక రాయి ముందు నిలబెట్టి, కనిపించింది కనిపించినట్టు రాయమనండి. బడికి వచ్చాక బ్రిటిష్ మ్యూజియం సైటులో అక్కడున్న అమరావతి ఫలకాలు చూపించి, రెండిటికీ తేడా రాయించండి. ఆ రాళ్లను 1798లో చూసి, తర్వాత బొమ్మలు గీయించిన సర్వేయర్ కాలిన్ మెకంజీ 1821లో కన్నుమూసి ఈ ఊళ్లోనే, సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానంలో ఉన్నారు. ఓపికుంటే అక్కడికీ వెళ్లిరండి.

ఇంకొక్క మాట. పిల్లల ఫోటోలు, పేర్లు, ఫోన్ నంబర్లు అడిగే సైటు ఏదైనా సరే, తల్లిదండ్రుల అనుమతి లేకుండా తరగతిని అందులో చేర్చకండి. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. లాగిన్ అడగని సైటులే టీచరుకు మేలు.